ఆగడం కూడా విద్యే

విద్య పంచిపెడితే తరిగేది కాదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. బాగానే ఉంది. కానీ ఫీజు కట్టినవారు ఒకరు, నేర్చుకున్నవారు మరొకరు అయితే ఆ విద్య ఎవరిదవుతుంది?

"మా చిన్నకోడల్ని కంపెనీ వాళ్లే డబ్బు కట్టి ప్రథమ చికిత్సలో పెద్ద కోర్సుకి పంపించారు వదినా. వాళ్ల సొమ్ముతో నేర్చుకున్నది వాళ్లకే ఉపయోగపడాలి గదా!" అంది మొన్న ఒకావిడ. కోడలు రొయ్యల కంపెనీలో సూపర్‌వైజరు. ఆ అమ్మాయి నవ్వేసి, "మీ గొంతుకి ముద్ద అడ్డం పడిందనుకోండి అత్తయ్యా, మా మేనేజరుగారిని అడిగొచ్చి వీపు మీద చరచనా?" అంది.

నవ్వులాటకి అన్నా అందులో న్యాయం ఉంది. యూనిఫారమైతే గేటు దగ్గర విప్పి ఇచ్చేసి రావచ్చు. గుండె ఆగిన మనిషి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలన్న లెక్కని ఎక్కడ విప్పి ఇస్తాం? కాలిన చేతికి సిరా, టూత్‌పేస్టూ పూయకుండా 20 నిమిషాలు చల్లటి నీళ్ల ధార కింద పెట్టడం, పాము కరిచిన కాలికి బిగించి కట్లు కట్టకుండా, గాటు పెట్టకుండా, కదలనివ్వకుండా ఆస్పత్రికి చేర్చడం - చెరువు గట్ల మధ్యా, కాలవల పక్కనా బతికే మన గోదావరి ఇళ్లన్నిటికీ కావలసినవే. యజమాని కొనుక్కున్నదల్లా పనివేళల్లో ఆ చేతులు దగ్గర ఉండడం మాత్రమే. తెలిసిన సంగతి తెలిసినవారిదే, అవసరం పడినవారిది కూడా.

అయితే ఆ కోర్సులో అన్నిటికంటే కష్టమైన పాఠం చేతులతో చేసేది కాదు, చెయ్యకుండా ఆగేది.

మొగల్తూరు అనగానే మనకి కృష్ణంరాజు, చిరంజీవి గుర్తొస్తారు. 2017 మార్చి 30న ఆ ఊరి పేరు మరో కారణంగా పత్రికలకెక్కింది. నల్లంవారి తోటలోని ఆక్వా ఫ్యాక్టరీలో తొట్టి శుభ్రం చేసే పనిలో ఐదుగురు కార్మికులు చనిపోయారు. విషవాయువే కారణమని పత్రికలు రాశాయి.

మురుగు కుళ్లే మూసిన తొట్టిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. బాగా ఎక్కువైతే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. నాలుగు ఊపిరులు పీల్చేలోగా మనిషి కూలిపోతాడు. పైన నిలబడ్డవాడికి నిప్పు కనిపించదు, పొగ కనిపించదు. పడిపోయిన తోటివాడు మాత్రమే కనిపిస్తాడు. ఇక ఆగుతాడా? దిగుతాడు. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోతున్నవారిలో నూటికి 60 మందికి పైగా కాపాడబోయినవారేనని అమెరికాలో కార్మికుల భద్రతని పరిశోధించే ప్రభుత్వ సంస్థ 1986లోనే హెచ్చరించింది. అంటే మంచి మనసే మృత్యువుకి దారి చూపిస్తోందన్నమాట.

మరి అంచున ఆగిపోయినవాడు పిరికివాడా? మన కథలన్నీ దూకినవాణ్ణే మెచ్చుకుంటాయి. కానీ ఒక్క మాట ఆలోచించండి. దయ అనేది మన గుండె బరువు దించుకోవడానికా, ఎదుటివాడి ప్రాణం నిలబెట్టడానికా? దూకినవాడికి తను చెయ్యగలిగింది చేశానన్న తృప్తి ఉంటుందేమో. లోపలివాడికి మాత్రం పైన సాయం పిలిచే మనిషి ఒకడు తగ్గిపోతాడు. తను ఆగి, మిగతావాళ్లని ఆపి, లోపలికి గాలి కొట్టే ఏర్పాటు చేయించి, ఊపిరి పరికరాలున్నవాళ్లని రప్పించడం చూసేవారికి వీరత్వంలా ఉండదు. తమ్ముడి కోసం దిగబోతున్న అన్నని రెక్క పట్టుకుని ఆపినవారిని, ఆ అన్న జన్మంతా క్షమించకపోవచ్చు. ఆ నింద మొయ్యడానికి సిద్ధపడడమే ఈ విద్యకి అసలు ఫీజు. అది ఏ కంపెనీ కట్టగలిగేది కాదు.

అలాగని భారమంతా నేర్చుకున్నవారి మీదే వేసి యజమాని చేతులు దులుపుకోవచ్చా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రతి 150 మంది కార్మికులకీ ఒక ప్రథమ చికిత్స పెట్టె, దానికి శిక్షణ పొందిన మనిషి ఉండాలంది. అంతటితో ఆగలేదు. విషవాయువు ఉండే తొట్టిలోకి మనిషిని పంపాలంటే గాలి పరీక్షించి, ప్రమాదం లేదని అర్హత ఉన్నవారు రాసివ్వాలంది. లేదా దిగేవాడికి ఊపిరి పరికరం పెట్టాలనీ, నడుముకి కట్టిన తాడు రెండో కొసని బయట ఒకరు పట్టుకుని ఉండాలనీ చెప్పింది.

ఆ తాడు నాకెంతో నచ్చింది. దిగకుండానే కాపాడే దారి అది. ఆ తాడు కొనకుండా, గాలి పరీక్ష చేయించకుండా, "మా వాళ్లకి కోర్సు చెప్పించాం" అంటే ఎలా? అది విద్యాదానం కాదు, తన బాధ్యతని ఆ అమ్మాయి భుజం మీదకి నెట్టడం. ప్రమాదం వచ్చాక ఏం చెయ్యాలో నేర్పిన యజమాని, అది రాకుండా చూసే ఖర్చు కూడా భరించినప్పుడే ఆ ఫీజుకి విలువ.

మీ ఇంట్లో కూతురో కోడలో ఇలాంటి శిక్షణకి వెళ్లొస్తే, ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగి మీరూ నేర్చుకోండి. ఆ తర్వాత ఇంకొక్క ప్రశ్న కూడా అడగండి: "అక్కడ తాడు ఉందా?"