మృతుల ప్రత్యుత్తరము

తద్దినమునాడు మనము పితరులకు పిండము పెట్టి, తిలోదకములు విడిచి, కాకి వచ్చి ముట్టువరకు నిరీక్షించి, ముట్టినంతనే వారు తృప్తులైరని యూరడిల్లుదుము. తృప్తులైతిరా యని కర్త యడుగగా, తృప్తులమైతిమని పితృస్థానమున కూర్చున్న భోక్తలు బదులు చెప్పుదురు. తృప్తి కలుగలేదని చెప్పుటకు మాత్రము ప్రయోగమున తావులేదు. ప్రత్యుత్తరము ముందే నిర్ణీతమైన ప్రశ్నను సంభాషణమనవచ్చునా?

సీతంపేట కొండలనుండి పర్లాకిమిడి, గుణుపురముల వెనుకటి గుట్టలవరకు వసించు సవరల పూర్వాచారమున ఈ చిక్కు లేదు. అచ్చట పూనకము వచ్చిన స్త్రీ నోట మృతులొకరి తరువాత నొకరుగా వచ్చి పలుకుదురు. చుట్టును మూగిన బంధువులు వారితో కలిసి యేడ్తురు, పరిహాసమాడుదురు, జగడమాడుదురు. కల్లడుగు మృతుడును, మమ్ముపేక్షించితిరని నిష్ఠురమాడు మృతురాలును, వారికి వెనుదీయక బదులు చెప్పు జీవులును అందు కలరు. తన్ను చంపిన రోగమును మృతుడే బ్రతికియున్నవారికి అంటించునని వారి నమ్మిక. కావున ఈ మాటలే వైద్యము, ఈ మాటలే విచారణ. వీరి మతమును గూర్చి వెరియర్ ఎల్విన్ 1955లో బృహద్గ్రంథము వెలువరించెను. ఒడిశావైపు సవరల నడుమ నివసించిన పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ప్రకటించిన గ్రంథమునకు మృతులతో సంవాదములనియే పేరు పెట్టెను. వీరికంటె మున్ను, శ్రీముఖలింగమునకు చేరువ పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరల నోటివెంటనే వారి భాష నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. (గ్రాంథికముతో పోరాడిన ఆ మహనీయుని గూర్చి ఈ శైలిలో వ్రాయుచున్నందుకు, సవరల పద్ధతిని పంతులుగారిని పిలిచినచో, మొట్టమొదట నన్నే నిలదీయుదురు.)

పలుకునది మృతుడా, పూనిన స్త్రీయా యని హేతువాది యడుగును. అడుగదగినదే, ఊరి రహస్యములెరిగిన యామెకు ఎవరి కోపమెట్టిదో తెలియకపోదు. అయినను మన జ్ఞాపకములోని మృతుడు మన మనసెరిగి మాటలాడును, క్షమింపుమన్న క్షమించును. సవరల మృతుడు పదిమంది వినుచుండగా మనము వినగోరనిదే పలుకును. న్యాయశాస్త్రమున తత్త్వమునకై చేయునది వాదము, గెలుపునకై చేయునది జల్పము, స్వపక్షము లేక ఖండించునది వితండ. సవరల మాటలలో ఈ మూటి ఛాయలును కలవు గాని, అవి ముగియుట గెలుపుతో గాదు. ఏండ్లు సాగిన జగడము క్రమముగా చల్లారి, తొలుత పీడించిన మృతుడే తుదకు వంశమున పుట్టిన శిశువునకు తన పేరిచ్చి కాపాడు పెద్దయగును. మన శ్రాద్ధమునను తండ్రి వసువై, తాత రుద్రుడై, ముత్తాత ఆదిత్యుడై మెట్టులెక్కుదురు. కాని ఆ యెక్కుట తరములు గడచినంతనే సిద్ధించును, తండ్రికిని కొడుకునకును నడుమ మిగిలిన తగవు తీరెనా యని యచ్చట నడుగువారు లేరు. కఠోపనిషత్తున నచికేతుడు ఆత్మవిద్యకంటె ముందు యముని కోరినది తండ్రి కోపము శమించుటయే యన్న సంగతిని మనము సులభముగా మరతుము.

గత అర్ధశతాబ్దిలో బాప్టిస్టు మతము వ్యాపించిన ఊళ్లలో యువతరము ఈ యాచారమును విడిచినది. దీనిని గూర్చి విటెబ్‌స్కీ 2017లో మరియొక గ్రంథము ప్రకటించెను. బలులకై దున్నలను కొను వ్యయము తప్పినదని వారు సంతసించినచో తప్పుపట్టుటకు మనమెవ్వరము? తండ్రి దేవుని సన్నిధిని సుఖముగా నున్నాడని పాదిరి చెప్పును. తండ్రియే వచ్చి చెప్పుట, చెప్పక యలుగుట, మాత్రము నిలిచిపోయినది.