సభ నిండుగా ఉన్నదా?

2023 డిసెంబరు 20న లోక్‌సభ, మరునాడు రాజ్యసభ మూడు బిల్లులను మూజువాణి ఓటుతో ఆమోదించాయి. అవి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం. 1860 నాటి శిక్షాస్మృతి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 1872 నాటి సాక్ష్య చట్టం వాటితో పక్కకు పోయాయి. డిసెంబరు 25న రాష్ట్రపతి ఆమోదం లభించింది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. పోలీసు మన గడప తొక్కితే ఏం చేయవచ్చు, మనిషిని ఎన్నాళ్లు లోపల ఉంచవచ్చు, ఏ నేరానికి ఏ శిక్ష వేయవచ్చు అన్నవి ఇప్పుడు ప్రధానంగా వీటిలోనే ఉన్నాయి.

ఆ రెండు రోజులూ ప్రతిపక్షాల బెంచీలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. డిసెంబరు 13న పార్లమెంటులో జరిగిన భద్రతా వైఫల్యం మీద హోం మంత్రి సభలో ప్రకటన చేయాలని ప్రతిపక్ష సభ్యులు పట్టుబట్టారు, ప్లకార్డులు పట్టుకుని నిరసన తెలిపారు. ఆ సమావేశాలు ముగిసేసరికి రెండు సభల్లో కలిపి 146 మంది సస్పెండయ్యారు.

ఈ చట్టాలు మంచివా చెడ్డవా అన్న చర్చ చాలా జరిగింది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న అంతకన్నా ముందుది. వినవలసినవారిని వినకుండా చేసిన చట్టం, అందులో మంచి ఉన్నా సరే, ధమ్మబద్ధం అనిపించుకుంటుందా?

నాలుగు రకాల కమ్మాలు

బౌద్ధులకు ఇది కొత్త ప్రశ్న కాదు. వినయ పిటకం మహావగ్గలో చంపేయ్యక్ఖంధకం ఉంది. సంఘం చేసే నిర్ణయాలను, అంటే కమ్మాలను, భగవానుడు అక్కడ నాలుగు రకాలుగా విడదీశాడు. అధమ్మంగా, అసంపూర్ణ సంఘం చేసినది. అధమ్మంగా, సంపూర్ణ సంఘం చేసినది. ధమ్మంగా, అసంపూర్ణ సంఘం చేసినది. ధమ్మంగా, సంపూర్ణ సంఘం చేసినది. ఈ నాలుగింటిలో చివరిది ఒక్కటే చెల్లుతుంది.

మూడో రకం దగ్గర కాస్త ఆగాలి. అక్కడ పద్ధతి ప్రకారం తప్పు లేదు, విషయమూ సరైనదే. అయినా సంఘం నిండుగా లేదు కాబట్టి తథాగతుడు దాన్ని తోసిపుచ్చాడు. మంచి పని చేస్తున్నాం కదా, అందరూ ఎందుకు అనే వాదనకు ఆయన చోటివ్వలేదు.

ముఖ్యమైన నిర్ణయాలకు సంఘం వాడిన పద్ధతి ఞత్తిచతుత్థ కమ్మం. సమర్థుడైన ఒక భిక్షువు లేచి సంఘం ముందు ప్రతిపాదన పెడతాడు. తర్వాత అదే విషయాన్ని మూడుసార్లు ప్రకటిస్తాడు. ప్రతిసారీ, అంగీకరించేవారు మౌనంగా ఉండండి, అంగీకరించనివారు చెప్పండి అని అడుగుతాడు. మూడోసారి కూడా ఎవరూ మాట్లాడకపోతే సంఘం ఆమోదించినట్టు.

పార్లమెంటులో బిల్లు నడిచే దారి దీనికి దూరం కాదు. అక్కడా మూడు దశలున్నాయి. ముందు బిల్లును ప్రవేశపెడతారు. తర్వాత దాని ఉద్దేశాల మీద చర్చించి, క్లాజు క్లాజుగా పరిశీలించి, సవరణలు తీసుకుంటారు. చివరగా మొత్తం బిల్లును ఆమోదానికి పెడతారు. రెండో సభలోనూ ఇదంతా మళ్లీ జరగాలి. మధ్యలో స్థాయీ సంఘానికి పంపితే అక్కడ నిపుణులను పిలుస్తారు, ప్రజల నుంచి అభిప్రాయాలు తీసుకుంటారు. ఒకే మాటను ఇన్నిసార్లు ఎందుకు అడగాలి? మొదటిసారి తోచని అభ్యంతరం రెండోసారి తోచవచ్చు. మొదటిసారి నోరు మెదపలేనివాడు మూడోసారి ధైర్యం చేయవచ్చు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ సంగతే గుర్తుచేశారు. పార్లమెంటరీ పద్ధతి ఈ దేశానికి తెలియనిది కాదన్నారు. సభ్యులు కూర్చునే క్రమం, ప్రతిపాదనలు, తీర్మానాలు, కోరం, విప్, ఓట్ల లెక్కింపు, రహస్య ఓటింగు మొదలైనవన్నీ బౌద్ధ సంఘాలకు తెలుసని, ఆ నాటి రాజకీయ సభల నుంచే భగవానుడు వాటిని తీసుకుని ఉండాలని చెప్పారు. ఆ వ్యవస్థను దేశం ఒకసారి పోగొట్టుకుంది, రెండోసారి కూడా పోగొట్టుకుంటుందా అన్నది ఆనాడు ఆయనను వేధించిన ప్రశ్న.

సంఘంలో మౌనం అంగీకారమే. అయితే ఆ మౌనానికి విలువ ఎలా వచ్చింది? మాట్లాడగలిగినవాడు అక్కడే ఉండి, మూడుసార్లు అడిగినా అభ్యంతరం చెప్పకపోవడం వల్ల వచ్చింది. బయట ఉన్నవాడి మౌనాన్ని ఆ లెక్కలో వేయలేం.

ఎదురు వాదన

దీనికి బలమైన జవాబే ఉంది. రాజ్యాంగం 100వ అధికరణ ప్రకారం మొత్తం సభ్యుల్లో పదో వంతు ఉంటే కోరం సరిపోతుంది. కాబట్టి కొందరు లేరన్న కారణంతో ఆ చట్టాలు చెల్లకుండా పోవు. సంఘం కూడా భిక్షువులను సస్పెండ్ చేసేది. దానికి ఉక్ఖేపనీయ కమ్మం అని పేరు. అలా సస్పెండయిన భిక్షువును సంఘం నిండిందా లేదా అనే లెక్కలోకి తీసుకోరు. అలాంటప్పుడు పార్లమెంటును మాత్రమే తప్పుపట్టడం ఎందుకు?

వినయంలోనే దీనికి సమాధానం ఉంది. కోసంబిలో ఒక భిక్షువును కొందరు సస్పెండ్ చేశారు. అట్ఠకథ ప్రకారం అసలు కారణం స్నానాల గది పాత్రలో మిగిల్చిన నీళ్లు. అతడు విద్వాంసుడు, వినయం తెలిసినవాడు. తాను తప్పు చేయలేదని నమ్మాడు. సంఘం రెండుగా చీలింది. భగవానుడు ముందు సస్పెండ్ చేసినవారి దగ్గరకు వెళ్లాడు. మనకు తోచింది కదా అని భిక్షువును సస్పెండ్ చేయకూడదని, దాని వల్ల సంఘం చీలిపోతుందేమో ఆలోచించాలని చెప్పాడు. తర్వాత సస్పెండయినవారి వైపు వెళ్లాడు. మేం తప్పు చేయలేదని బిగుసుకుని కూర్చోకూడదని, సంఘం ఐక్యత కోసం ఇతరుల మాట మీద నమ్మకముంచి తప్పు ఒప్పుకోవడం గురించి ఆలోచించాలని వారికీ చెప్పాడు.

ఆ రెండు మాటలూ 2023 డిసెంబరుకు సరిపోతాయి. సభను నడవనివ్వకపోవడం కూడా ఇతరులను వినకపోవడమే. ప్రతిపక్షం ఆ బాధ్యత నుంచి తప్పుకోలేదు. కానీ మొదట హెచ్చరిక ఎవరికి వెళ్లిందో గమనించండి. బయటకు పంపే అధికారం ఎవరి చేతిలో ఉందో వారికే. దేశ శిక్షాస్మృతిని మార్చే వారంలో ఆ అధికారాన్ని మరింత జాగ్రత్తగా వాడాలి. చట్టం చెల్లుతుంది, నిజమే. చెల్లడం, ధమ్మం కావడం ఒకటి కాదు.

వినకపోతే నష్టపోయేది ఎవరు?

ఇది సభామర్యాదల గొడవ మాత్రమే అయితే పత్రికలో ఇంత చోటు అక్కర్లేదు. నష్టం ఎక్కడ పడిందో చూడాలి.

2022 చివర దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే జైల్లో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురిని ఇంకా ఏ కోర్టూ దోషి అనలేదు. విచారణ ఖైదీల్లో సుమారు ఐదుగురికి ఒకరు షెడ్యూల్డు కులాలవారు. వీరి కోసం పాత కోడ్‌లో 436ఎ సెక్షన్ ఉండేది. నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపినవారిని విడుదల చేయాలని అది చెప్పేది.

కొత్త నాగరిక సురక్షా సంహితలో ఆ స్థానంలో 479వ సెక్షన్ వచ్చింది. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారికి సగం కాదు, మూడో వంతు చాలంది. అర్హులైన ఖైదీ విషయంలో జైలు సూపరింటెండెంటే వెంటనే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలంది. ఇది నిజంగా మంచి మార్పు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు, 2024 జులై 1కి ముందు కేసులున్న విచారణ ఖైదీలకు కూడా దీన్ని వర్తింపజేయాలని చెప్పింది.

అదే సెక్షన్‌లో మరో మాట ఉంది. ఒకటికి మించిన నేరాల్లో గానీ, ఒకటికి మించిన కేసుల్లో గానీ దర్యాప్తు లేదా విచారణ నడుస్తున్నవారిని ఈ సెక్షన్ కింద విడుదల చేయరాదు. యావజ్జీవ శిక్ష పడే అవకాశమున్న నేరాలను కూడా పక్కన పెట్టారు. పాత సెక్షన్ మరణశిక్ష ఉన్న నేరాలను మాత్రమే మినహాయించేది.

ఊళ్లో ఒక తగాదా జరిగితే ఎఫ్ఐఆర్ ఎలా రాస్తారో మన వాడల్లో తెలియనివారు లేరు. గుంపుగా వచ్చినందుకు ఒక సెక్షన్, కొట్టినందుకు ఒకటి, బెదిరించినందుకు ఇంకొకటి. ఘటన ఒక్కటే, నేరాలు మూడు. సెక్షన్‌ను అక్షరాలా చదివితే ఈ మనిషికి మూడో వంతూ లేదు, సగమూ లేదు. ఒక చేత్తో ఇచ్చిన మేలు ఇంకో చేత్తో వెనక్కి పోతుంది. క్లాజుల వారీ పరిశీలన ఉన్నది ఇలాంటి చోట లేచి నిలబడి అడగడానికే.

విన్నప్పుడు చట్టం బాగుపడుతుందనడానికి ఈ బిల్లుల చరిత్రే సాక్ష్యం. మొదటి బిల్లులు 2023 ఆగస్టు 11న వచ్చాయి. చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా తెచ్చారు గానీ సమాజ సేవ అంటే ఏమిటో చెప్పలేదు. స్థాయీ సంఘం దాన్ని నిర్వచించమని సూచించింది. డిసెంబరు 12న పాత బిల్లులు వెనక్కి తీసుకుని ప్రవేశపెట్టిన కొత్త బిల్లుల్లో ఆ నిర్వచనం చేరింది. అక్కడి నుంచి లోక్‌సభ ఆమోదానికి ఎనిమిది రోజులే పట్టింది.

మరో సంగతి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం జైల్లో ఉన్నవారికి ఓటు లేదు. శిక్ష పడనివారికి కూడా లేదు. ఆ నాలుగు లక్షల మంది తరఫున మాట్లాడటానికి ఉన్నది సభలో కూర్చున్నవారే. సంఘంలో జబ్బుపడిన భిక్షువు విషయంలో భగవానుడు ఏం చెప్పాడో ఇక్కడ గుర్తుచేసుకోవాలి. రాలేని భిక్షువు తన సమ్మతిని మరొకరి ద్వారా పంపాలి. అదీ కుదరకపోతే అతన్ని మంచంతో సహా మోసుకురావాలి. కదిపితే జబ్బు ముదురుతుందనుకుంటే సంఘమే అతని దగ్గరకు వెళ్లి కమ్మం చేయాలి. అంతేగాని అతన్ని వదిలేసి అసంపూర్ణ సంఘంతో చేయకూడదు. రాలేనివాడి కోసం సంఘం నడిచి వెళ్లాలన్నది ఆ నియమం.

నిండు సభ ఒక్కటే చాలదు

సభ నిండితే న్యాయం దానంతట అదే జరుగుతుందని కాదు. రోహిణీ జలాల వివాదంలో శాక్య సంఘం ఏం చేసిందో బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు ఆయన ధమ్మం'లో చదివాం. సిద్ధార్థుణ్ణి సంఘం మాట్లాడనిచ్చింది. రాజీకి ఆయన పెట్టిన తీర్మానాన్ని ఓటుకు పెట్టింది. ఆయన ఓడిపోయాడు, యుద్ధ తీర్మానం నెగ్గింది. అది సంపూర్ణ సంఘం చేసిన అధమ్మం. మెజారిటీ లెక్క తేల్చగలదు, తప్పొప్పులు తేల్చలేదు.

రెండూ లేని చట్టమూ మనకు తెలుసు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులంది. ఆ చట్టం చేసిన కౌన్సిల్‌లో ఆ జాతుల మనిషి ఒక్కడూ లేడు. స్టువర్టుపురం మీద పడిన మచ్చ ఆ తరహా చట్టాలు పెట్టినదే. 1952లో అవి రద్దయినా ముద్ర మాత్రం వెంటనే పోలేదు.

నాలుగో రకానికి దగ్గరగా వచ్చిన సందర్భం కూడా ఉంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు అత్యాచారాల నిరోధక చట్టాన్ని పలుచన చేసింది. ఏప్రిల్ 2న దేశమంతటా జనం వీధుల్లోకి వచ్చారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆగస్టు 6న లోక్‌సభ, 9న రాజ్యసభ పార్టీల తేడా లేకుండా సవరణను ఆమోదించాయి. సభలో మన గొంతు వినబడటానికి సభ బయట ఎంత పెద్దగా పలకవలసి వచ్చిందో అది చెబుతుంది.

అందుకే మన పని బిల్లు నెగ్గిన తర్వాత కోపగించుకోవడంతో ఆగకూడదు. స్థాయీ సంఘం అభిప్రాయాలు కోరినప్పుడు మన విహారాల నుంచి, సంఘాల నుంచి రాతపూర్వకంగా వెళ్లాలి. ఇప్పుడున్న చట్టంలో మేలు చేసే మాటను వాడుకోవాలి. మన వాడలో ఎవరైనా విచారణ ఖైదీగా ఉంటే మూడో వంతు కాలం నిండిందేమో లెక్కవేసి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి. మన ఆదివారం సమావేశాల్లోనూ ఇదే కొలత పెట్టుకోవాలి. నిర్ణయం తీసుకునేటప్పుడు ఆడవాళ్లు ఉన్నారా, కూలికి పోయి రాలేనివారి మాట ఎవరైనా తెచ్చారా, అభ్యంతరం చెప్పేవాణ్ణి మూడుసార్లు అడిగామా అని చూసుకోవాలి. మన మధ్య పాటించని నియమాన్ని ఢిల్లీని అడిగే అర్హత మనకు ఉండదు.