కాలిన వాసన ఎక్కడిది?

(ధ్యానమునకు: యెహోషువ 7వ అధ్యాయము, మత్తయి 26:20–25, 1 పేతురు 4:8)

ప్రేమగలవాడు తోటివాని తప్పులను కప్పునని పేతురు భక్తుడు మనకు బోధించెను. అట్లయిన, కుటుంబములోగాని సంఘములోగాని ఏదో చెడుచున్నట్లు తోచినప్పుడు దాని మూలమును వెదకుట ధర్మమా, కప్పి ఊరకుండుట ధర్మమా? మన పల్లె సంఘములలో ఈ ప్రశ్న తరచుగా పుట్టుచున్నది. లెక్క అడిగినవానిని ప్రేమలేనివాడందురు; అడుగనివానిని పిరికివాడందురు. ఈ నెల దీనిని గూర్చి కొంచెము ఆలోచింతము.

మనకందరికి తెలిసిన ఒక సంగతిని తీసికొందము. పెండ్లికి పోవుచున్న కారులో కాలిన వాసన వచ్చినదనుకొనుడి. బండి నడుచుచునే యున్నది; దీపములు వెలుగుచునే యున్నవి. డ్రైవరు ఆ వాసనలోనే కూర్చుండియున్నాడు గనుక అతనికి అది తెలియదు. ఏ వాసనకైనను మన ముక్కు కొద్ది నిమిషములలో అలవాటుపడును. నడుమ దారిలో ఎక్కినవాడే, "ఏమిటీ వాసన?" అని అడుగును. అతడు బండికి శత్రువు కాడు. అతని మాట వినక కిటికీలు దించి, సెంటు చల్లి సాగిపోయినయెడల వాసన మరుగుపడును గాని నిప్పు ఆరదు. ఆ బండిలో పసిపిల్లలును ఉన్నారు గదా!

అయితే వాసన తగిలినంతనే కనబడినదానిమీద తప్పు మోపరాదు. తెలిసిన మెకానిక్కు మొదట బండిని ప్రక్కకు తీయించి, ఇంజను ఆపించి, అందరిని దింపును. బానెట్ సందులనుండి పొగ వచ్చుచున్నయెడల దానిని ఎత్తనియ్యడు. గాలి తగిలిన మంట పెరుగును. పొగ లేనియెడల నెమ్మదిగా ప్రశ్నలడుగును. వాసన ఎట్టిది? ఎప్పుడు వచ్చుచున్నది? రబ్బరు కాలినట్లున్న జారుచున్న బెల్టును చూచును. తియ్యగా నున్న రేడియేటరునుండి కూలెంటు కారుచున్నదేమో చూచును. నూనె మాడినట్లున్న వేడి గొట్టముమీద ఇంజను ఆయిలు చుక్కలు పడుచున్నవేమో వెదకును. ఎత్తు ఎక్కునప్పుడు మాత్రమే వచ్చినయెడల క్లచ్చిని, ఒక చక్రము దగ్గరనే వచ్చినయెడల వదలక పట్టియున్న బ్రేకును పరీక్షించును. నూర్పిడికై రోడ్డుమీద పరచిన పంటమీదుగా బండి వచ్చియుండిన, అడుగున చుట్టుకొని రాజుకొనుచున్న గడ్డిని తీసివేయును. పలుమారు మూలము చిన్నదే: పూర్తిగా దింపని హ్యాండు బ్రేకు!

ప్లాస్టిక్కు కాలిన వాసనయైన వైర్లను చూచును. ఇక్కడ ఫ్యూజును గూర్చి ఒక మాట చెప్పవలెను. కరెంటు మితిమించి పారినప్పుడు, వైరు కాలకముందే తాను కరిగి దారి తెంచుట ఫ్యూజు పని. అది మాటిమాటికి పోవుచున్నదని విసిగి, 10 ఆంపియర్లది ఉండవలసిన చోట 30 ఆంపియర్లది పెట్టువారు కలరు. అటుపిమ్మట ఫ్యూజు పోదు, వైరు కాలును. హెచ్చరించువాని నోరు మూయించిన సంఘము ఆ బండివంటిదే. వాతవేయబడిన మనస్సాక్షిని గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన మాట (1 తిమోతి 4:2) ఇక్కడ జ్ఞాపకము చేసికొనదగినది.

ఇప్పుడు యెహోషువ దినములకు వత్తము. ఇశ్రాయేలీయులు హాయి యొద్ద ఓడిపోయిరి. వారిలో 36 మంది చనిపోయిరి. యెహోషువ మందసము నెదుట సాగిలపడి, మమ్మును యొర్దాను ఏల దాటించితివని దేవునినే అడిగెను. ప్రభువు అతనిని లేవనెత్తి, దోషము జనుల మధ్యనే యున్నదని తెలిపెను. పిమ్మట జరిగిన విచారణ ఎంత క్రమముగా నున్నదో చూడుడి. మొదట గోత్రము, తరువాత వంశము, తరువాత కుటుంబము, కడపట ఒక్క మనుష్యుడు. గాలిమాటనుబట్టి ఎవరిమీదను నేరము మోపబడలేదు. ఆకాను గుడారములో నేలక్రింద ఒక మంచి వస్త్రము, 200 తులముల వెండి, 50 తులముల బంగారు కమ్మి దొరకెను. చనిపోయిన ఆ 36 మందిలో ఒక్కడైనను ఆ బంగారమును ముట్టినట్లు వ్రాయబడలేదు. కప్పబడిన దోషమునకు వెల చెల్లించినవారు వేరొకరు. అయినను యెహోషువ ఆకానును కసరక, కుమారుడా అని పిలిచి అడిగెను.

ఆనాడు దోషిని ప్రభువే చూపించెను. మనకట్టి చూపు లేదు. గనుక మరి ఎక్కువ భయముతో వెదకవలెను. మేడగదిలో పన్నిద్దరిలో ఒకడు తన్ను అప్పగించునని యేసు చెప్పినప్పుడు, శిష్యులు ప్రక్కవానిమీద వ్రేలు చూపలేదు. నేనా ప్రభువా అని ఒక్కొక్కడు తన్నుగూర్చియే అడిగెను. వెదకుట అక్కడ మొదలుకావలెను.

కానుకల లెక్క తప్పినదనుకొనుడి. మొదట కూడికను మరల చూతము; తరువాత రసీదులు చూతము; అప్పటికిని కుదరనియెడల లెక్క వ్రాసినవానితో ఒంటరిగా మాటలాడుదము. ఈ పని టీకొట్టు దగ్గర చేయవలసినది కాదు. ఇంట కుమారుడు రోజులతరబడి మౌనముగా నున్నయెడల, కోడలిని నిందింపకముందు కుమారుని దగ్గర కూర్చుండి అడుగుదము.

పేతురు మాటకు విరోధము లేదు. తప్పు చేసినవాని సిగ్గును ప్రేమ కప్పును. కాలుచున్న వైరును కప్పదు. మూలమును కనుగొని బాగుచేసి, ఆ మీదట దానిని ఊరంతట చాటకుండుటయే కప్పుట.

ప్రార్థింతము: ప్రభువా, మా మధ్య కాలుచున్నదేదో మాకు తెలియజేయుము. వెదకునప్పుడు మొదట మా హృదయమును చూచుకొను ధైర్యమును, తప్పినవానిని పోగొట్టుకొనని ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.