పేరు తీసేస్తే సరిపోతుందా?

హైదరాబాదు ఆఫీసుల్లో ఇప్పుడు కొత్త చదువొకటి నడుస్తోంది. మేనేజర్లకూ, బ్యాంకు అధికారులకూ, ఇరవై ఏళ్ల సర్వీసున్న ఉద్యోగులకూ కృత్రిమ మేధ ఓనమాలు నేర్పుతున్నారు. మాలో కొందరం ఆ క్లాసుల్లో కూర్చున్నాం. కంప్యూటర్లు వచ్చినప్పుడు వెనకబడ్డాం, ఈసారైనా ముందు బెంచీలో ఉందామని వెళ్లాం.

పాఠం అర్థంకానిదేం కాదు. ఈ యంత్రానికి నియమాలు ఒక్కొక్కటిగా ఎవరూ రాసివ్వరు. పాత ఉదాహరణలు వేలూ లక్షలూ చూపిస్తారు. వాటిలోని పోలికలు అదే పట్టుకుంటుంది. నిన్న ఎవరికి ఉద్యోగమిచ్చారో చూపిస్తే, రేపు ఎవరికివ్వాలో చెబుతుంది.

అక్కడే మా గుండె ఝల్లుమంది. ఎవరి నిన్న అది? ఖాళీగా ఉన్న ఇల్లు మా పేరు చెప్పగానే నిండిపోయిన నిన్నేనా? సుఖదేవ్ తోరట్, పాల్ అట్‌వెల్ ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులు పంపి చూశారు. తేడా అల్లా పేర్లలోనే. అగ్రకుల హిందూ పేర్లకంటే దళిత పేర్లకు, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయని 2007లో అచ్చువేశారు. అలాంటి నిన్ననే గదా యంత్రానికి పాఠం చెప్పబోతున్నారు?

క్లాసులో అడిగాం. జవాబు వెంటనే వచ్చింది. "డేటాలోంచి పేరు, మతం తీసేస్తాం. మీరెవరో యంత్రానికి తెలియనే తెలియదు." అందరూ తలలూపారు. మేమూ ఊపబోయి ఆగాం.

పేరు తీసేస్తారు, సరే. పాతబస్తీ పిన్‌కోడు ఉంటుంది. ఉర్దూ మీడియం స్కూలు ఉంటుంది. అమెజాన్ తయారు చేసుకున్న ఎంపిక యంత్రం ఆడవాళ్ల దరఖాస్తులకు మార్కులు తగ్గించిందని 2018లో రాయిటర్స్ బయటపెట్టింది. తగ్గించమని దానికెవరూ చెప్పలేదు. పదేళ్ల పాత దరఖాస్తుల్లో మగవాళ్లవే ఎక్కువ. మహిళా కాలేజీ పేరు కనబడితే చాలు, అది ఆనవాలు పట్టింది. చివరికి ఆ యంత్రాన్నే పక్కన పెట్టారు.

ఇంకో సంగతి. పేర్లు తీసేశాక మాలో ఎంతమందిని తిప్పిపంపారో లెక్క తేలేదెట్లా? లెక్క తీశారు కాబట్టే 2006లో సచార్ కమిటీ నివేదికలో మా వెనకబాటు దేశానికి కనిపించింది. లెక్క లేనిచోట అన్యాయం కూడా లేనట్టే.

చెరిపేసుకోండి అనే సలహా మాకు కొత్త కాదు. ఇంటర్వ్యూ కోసం గడ్డం తీసినవాళ్లం, బురఖా మడిచి సంచిలో పెట్టుకున్నవాళ్లం, అద్దింటి కోసం వేరే పేరు చెప్పినవాళ్లం మాలో ఉన్నాం. మనుషుల దగ్గర దాక్కున్నాం. ఇక యంత్రం దగ్గరా దాక్కోవాలా? మేం మేంగా ఉండగా న్యాయం చెయ్యలేని తెలివి ఏం తెలివి?

ఇది మా ఒక్కళ్ల గొడవా కాదు. తెలంగాణలో 2016 తర్వాత సుమారు 19 లక్షల రేషన్ కార్డులు కంప్యూటర్ లెక్కల మీద ఆధారపడి రద్దు చేశారు. ఇళ్లకు మనుషుల్ని పంపి మళ్లీ విచారించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆకలి ఏ కులానిదీ, ఏ మతానిదీ కాదు.

మమ్మల్ని మేమూ అడుక్కోవాలి. మాలోనూ మేనేజర్లున్నారు. రేపు ఒక దళిత అమ్మాయి దరఖాస్తు మీద యంత్రం 'వద్దు' అంటే, మేం మాత్రం ఆగి చూస్తామా? 'సిస్టమ్ తీసుకోలేదమ్మా' అని చేతులు దులుపుకోమా?

అందుకే మొదటి క్లాసులోనే ఇది చెప్పండి. యంత్రం ఇచ్చేది అంచనా, తీర్పు కాదు. సంతకం పెట్టేది మనిషి, జవాబు చెప్పాల్సిందీ మనిషే. ఎవరిని ఎంతమందిని కాదన్నారో వర్గాలవారీగా లెక్క చూడాలి. కాదన్నవాళ్లకు కారణం చెప్పాలి. ఎందుకని అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి.

మా పేరు చెరిపేసి దయ చూపొద్దు. మా పేరు చదివి, న్యాయం చెయ్యండి.