అడిగి ఇచ్చిన ప్రభువు

ధ్యానభాగములు: మార్కు 10:46-52, అపొ. కార్యములు 6:1-6



యెరికో త్రోవప్రక్కను కూర్చుండిన బర్తిమయి గ్రుడ్డివాడని అక్కడి వారందరికిని తెలియును. ప్రభువునకు మరి యెక్కువగా తెలియును. అయినను ఆయన అతనిని పిలిపించి, తనవలన అతడు ఏమి కోరుచున్నాడో ముందుగా అడిగెను. అడుగకయే చూపు నియ్యవచ్చును గదా? జనులు ఆ భిక్షకుని ఊరకుండుమని గద్దించిరి. ప్రభువైతే చూపు కంటె ముందుగా అతనికి మాటాడు హక్కు నిచ్చెను.

పేదల పేటలకు ధనసహాయము వచ్చునప్పుడును ఇదే ప్రశ్న మన యెదుట నిలుచును. ఆ ధనముతో ఏమి చేయవలెనను ఆలోచన ఎవరిది? ఇచ్చినవారిదా, అక్కడ కాపురముండు వారిదా?

మన తాటిపాక ప్రాంతమునుండి పనులకై హైదరాబాదు, విశాఖపట్నము వెళ్లి బస్తీలలో నివసించువారు కలరు. అట్టి బస్తీల కొరకు హైదరాబాదు నగరపాలక సంస్థ 1967లో ఒక కార్యక్రమము నారంభించెను. బస్తీవారే కూడుకొని తమ అక్కరలు చెప్పవలెను, తామును పాటుపడవలెను, సంస్థ తోడ్పడవలెను. ఇదియే దాని మూలసూత్రము. తరువాత దానికి యూనిసెఫ్ సహాయమును, బ్రిటిషు ప్రభుత్వ సహాయమును లభించెను. 2000 మొదలు 2008 వరకు బ్రిటిషు ప్రభుత్వ గ్రాంటుతో ఉమ్మడి రాష్ట్రమందు లక్షకు మించిన జనాభాగల పట్టణములలో మరియొక పథకము నడచెను. అందులో ప్రతి మునిసిపాలిటీయు పేదరికము తగ్గించుటకు తన ప్రణాళికను తానే వ్రాసికొనవలసి యుండెను. ధనము దూరదేశపుదైనను ఆలోచన ఊరివారిదే కావలెనని ఉద్దేశము.

అయితే మునిసిపాలిటీ వ్రాసినంత మాత్రమున పేట వ్రాసినట్లగునా? కూలికి పోయిన స్త్రీ ఇల్లు చేరునప్పటికి సభ ముగిసిపోవచ్చును. పెద్దలు నలుగురు సంతకములు చేసి, అందరి అభిప్రాయమని పంపవచ్చును. ఇది పట్టణములలో మాత్రమే జరుగు సంగతి కాదు.

పదునాలుగవ ఆర్థిక సంఘము 2015 నుండి 2020 వరకు గ్రామ పంచాయతీలకు నేరుగా గ్రాంటులు చేరునట్లు చేసెను. ఆ కాలముననే ప్రతి పంచాయతీయు అభివృద్ధి ప్రణాళిక వ్రాయు పద్ధతి వచ్చెను. పదునైదవ సంఘము 2021-26 సంవత్సరములకు పల్లెల గ్రాంటులో 60 శాతము త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును కట్టుబరచి, 40 శాతము స్థానిక అవసరములకు విడిచెను. ఇచ్చువారు ఇట్లు నిబంధన పెట్టుట తప్పా? తప్పని మనము చెప్పజాలము. కాలువ గట్లనుండు మనకు మంచినీటి విలువ తెలియును. కాని ఏ వీధి మురుగు ముందు తీయవలెనో ఢిల్లీకి తెలియదు.

కోనసీమలో మనము కన్నులార చూచు సంగతియే తీసికొందము. పేటకు సిమెంటు రోడ్డు వచ్చును. అందరును సంతోషింతురు. రోడ్డు ఎత్తగును, ఇండ్లు పల్లమగును. వాన కురిసిన రాత్రి నీరు గడప దాటి లోనికి వచ్చును. రోడ్డు వేసినవారు దుర్మార్గులు కారు. నీరు ఎటు పారునో ఆ ఇంటి తల్లిని అడుగలేదు, అంతే.

యెరూషలేము సంఘములో గ్రీకు భాష మాటాడు యూదుల విధవరాండ్రు అనుదిన పరిచర్యలో మరువబడిరి. అపొస్తలులు ఏమి చేసిరి? మరికొంత ఆహారము పంపి ఊరకుండలేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుటకు సంఘమునకే అప్పగించిరి. స్తెఫను మొదలు నీకొలాసు వరకు ఆ ఏడుగురివియు గ్రీకు పేర్లే. ఎవరి పక్షమున సణుగు పుట్టెనో, వారిచేతికే వడ్డన వచ్చినట్లు తోచుచున్నది. తక్కువైనవారిని జాలితో చూచుట ఒకటి, వారికి గరిటె నిచ్చుట వేరొకటి.

హక్కుతోపాటు బాధ్యతయు కలదు. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును గ్రామసభ సభ్యులే. సభనాడు ఇంట కూర్చుండి తరువాత సణిగిన లాభమేమి? పౌలు యెరూషలేము పేదలకు చందా సొమ్ము చేర్చునప్పుడు నింద రాకుండునట్లు, సంఘములు ఏర్పరచిన సహోదరుని తోడు తీసికొనెను (2 కొరింథీయులకు 8:19-21). మనమును లెక్క అడుగుటకు వెరవరాదు, లెక్క చెప్పుటకు నొచ్చుకొనరాదు.

తుదకు మన సంగతి. క్రిస్మసునాడు విధవరాండ్రకు చీరలు పంచి సంతోషించుచున్నాము. ఆమెకు కావలసినది చీరయో, మందులో, బిడ్డకు బడి పుస్తకములో ఎన్నడైన అడిగితిమా? మన సంఘ సభలలో స్త్రీలు ఎందరు నోరు విప్పుచున్నారు? ప్రభుత్వమును తప్పుపట్టు మనము ఆ తప్పునే మన గుడిలో చేయుచున్నామని ఒప్పుకొనవలెను.

ప్రభువు అడిగెను, జవాబు వినెను, అప్పుడు ఇచ్చెను. ఈ సంవత్సరము మన సంఘము ధర్మపు సొమ్ము తీయుటకు ముందు పెద్దలు ఇద్దరును స్త్రీలు ఇద్దరును ప్రతి పేద ఇంటికి వెళ్లి, ఊరకే కూర్చుండి విందురు గాక. ఆలకించు చెవిని ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.