లెక్క యెఱుగని కోపము

ధనమును గూర్చి మాటలాడుట మన యిండ్లలో నేటికిని కొంత యనాగరికముగనే యెంచబడుచున్నది. పిల్లలకు పద్యములు నేర్పుదుము, గుణకారము నేర్పుదుము. వడ్డీ యెట్లు పెరుగునో, ధర యేల తగ్గునో నేర్పము. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలివారు చరిత్రముతోను ప్రకృతిశాస్త్రములతోను పాటు కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రమును సయితము తెనుగున ప్రకటించిరి. గృహస్థులు చదువుదురనియే వారి యాశ. గృహస్థులు మాత్రము దానిని పండితులకును వర్తకులకును విడిచిపెట్టిరి. ఈ యుపేక్షవలన ధనము పోవునని యందఱు నొప్పుకొందురు. ధనముకంటె విలువైన దొకటి పోవుచున్నదని మా యభిప్రాయము. లెక్క యెఱుగనివాడు తనకు జరిగినది న్యాయమో యన్యాయమో నిర్ణయింపలేడు.

కోతల దినములలో సూర్యాపేట మార్కెట్టునకు గాని, మిర్యాలగూడ బియ్యపు మిల్లులయొద్దకు గాని పోయినవారికి ‘తరుగు’ అను మాట వినబడక మానదు. ధాన్యపు తూకములో కొంత తీసివేసి తక్కినదానికే వెలకట్టుట తరుగు. రైతు దానిని దోపిడి యనును; కొనువాడు తేమ యనును. ఎవరి మాట నిజము? ప్రభుత్వ కొనుగోలు కేంద్రములలో 17 శాతము వఱకు తేమ యంగీకృతము. 22 శాతము తేమ గల 100 కిలోల ధాన్యములో నీరు పోగా గింజ 78 కిలోలే. దానిని 17 శాతమునకు దిగువఱకు ఆరబెట్టిన యెడల ఇంచుమించు 94 కిలోలు నిలుచును. కావున అట్టి పచ్చిధాన్యమునకు 6 కిలోలు తగ్గించిన వర్తకుడు నీటికి వెల యియ్యననుచున్నాడు. అంతకుమించి యతని నేరము లేదు. 17 శాతమునకు లోబడిన ధాన్యమునకు తేమ పేరు చెప్పి 4 కిలోలు తీసినవాడు దొంగ. తాలు, మట్టి వేఱు సంగతి. ఈ భేద మెఱుగని రైతు ఇద్దఱిని సమానముగ తిట్టును, లేదా ఇద్దఱిని సమానముగ సహించును. మొదటిదానివలన మంచివానికి నింద. రెండవదానివలన చెడ్డవానికి లాభము.

ఈ ప్రాంతపు పెద్దలకు ‘నాగు’ అను మాట జ్ఞాపక ముండును. నిజాము రాజ్యకాలమున బీదరైతు విత్తుల వేళ దొరయొద్దనో షావుకారుయొద్దనో ధాన్యము అప్పు తెచ్చుకొని, కోతల వేళ ఒకటికి ఒకటిన్నర కొలిచి యిచ్చుచుండెను. తలచుకొన్న మాకును కోపమే వచ్చును. అయినను లెక్క చూతము. ఆషాఢమున బస్తా 3 రూపాయలు పలికి, పంట వచ్చిన పిమ్మట 2 రూపాయలకు దిగినదని లెక్కకొఱకు అనుకొందము. తెచ్చిన బస్తా వెల 3 రూపాయలు. తీర్చిన బస్తాన్నర వెలయు 3 రూపాయలే. మఱి షావుకారు వడ్డీయే పుచ్చుకొనలేదా? ఇట్లు వాదించిన పెద్దమనుష్యులు లేకపోలేదు. కాని షావుకారు ఆ బస్తాన్నరను ఆ దినముననే యమ్మడు. గాదెలో పోసి మరల నాషాఢము వచ్చువఱకు ఊరకుండును. అప్పుడది నాలుగున్నర రూపాయలు. రైతు ఊరకుండలేడు, అతని పొయ్యి ఊరకుండనియ్యదు. వేచియుండు శక్తి యిద్దఱిలో ఒకనికే యుండుట ఇందలి యన్యాయము.

నాగు పోయినది. నాగార్జునసాగరపు కాలువలకు 1967లో నీరు వదలిన పిమ్మట ఎడమకాలువ క్రింద మాగాణి విస్తరించినది, మిల్లులు వృద్ధిపొందినవి. అయినను యంత్రముతో కోసిన పచ్చిధాన్యము ఒకే వారములో వేల ట్రాక్టర్లమీద మిల్లుల వాకిళ్లకు చేరునప్పుడు, ఆ పాతకథయే వేఱు వేషముతో కనబడుచున్నది. ఆ దినములలో మిల్లువానిని నిందించుట సులభము. ఊరికి ఆరుకల్లములు కావలెననియు, 2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గిడ్డంగులలో ధాన్యము నుంచి, ఆ రసీదుమీద అప్పు తెచ్చుకొను సౌకర్యము దగ్గఱనే యుండవలెననియు అడుగుట కష్టము. ధర పడిపోవు కారణము తెలిసినవాడే దాని నడుగగలడు.

ఇక నందఱికి సంబంధించిన చిక్కు ప్రశ్న. 2024 వానకాలపు పంటనుండి తెలంగాణ ప్రభుత్వము సన్నవడ్లకు క్వింటాలునకు 500 రూపాయల బోనసు ప్రకటించినది. 2025 మార్చి 30న, ఉగాదినాడు, ఈ జిల్లాలోని హుజూర్‌నగరముననే రేషను దుకాణములద్వారా మనిషికి 6 కిలోల సన్నబియ్యము ఉచితముగ నిచ్చు పథకము మొదలైనది. బీదవాడు మంచి బియ్యము తినుట చూచి మేము సంతోషించితిమి, నేటికిని సంతోషింతుము. కాని వడ్లు ప్రియము కావలెనని రైతుగను, బియ్యము చవుక కావలెనని గృహస్థుగను, పన్నులు తగ్గవలెనని వర్తకుడుగను ఒకే మనిషి ఒకే దినమున కోరుచున్నాడు. మూడును న్యాయమైన కోరికలే; మూడును ఒక్కసారి నెఱవేరవు. నడుమనున్న వెలితిని ఎవరో పూరింపవలెను. సబ్బుబిళ్ల కొనుచు పన్ను చెల్లించు కూలివాడును వారిలో ఒకడు. ఇది తెలిసియు ఆ పథకము కావలెనన్నవాని మాటకు బరువున్నది. తెలియక కావలెనన్నవాడు, తెలియక వలదన్నవాడు ఇరువురును ఎన్నికల వేళ ఉపన్యాసకుని చేతిలోని వారే.

కోదాడలో మే మెఱిగిన యొక గృహిణి కుట్టుయంత్రమునకై 12,000 రూపాయలు అప్పు చేసినది. ఒకచోట నూటికి నెలకు రూపాయి వడ్డీ యనిరి. వేఱొకచోట రూపాయిన్నర యనిరి. తక్కువ చెప్పినచోటనే తెచ్చుకొన్నది. అక్కడ నెలకు 1,120 చొప్పున 12 వాయిదాలు. రెండవచోట వడ్డీ మిగిలిన యసలుమీద మాత్రమే గనుక వాయిదా 1,100 రూపాయలే యయ్యెడిది. అసలు నెలనెలకు తగ్గుచున్నను మొత్తము 12,000 మీదనే వడ్డీ వేయుటచే ‘రూపాయి వడ్డీ’ నిజమునకు రూపాయి ముప్పాతికకు మించినది. కాగితముమీద వేసి చూచువఱకు మేమును దీనిని నమ్మలేదు. సూక్ష్మఋణ సంస్థలు తమ వడ్డీరేటును అందఱికిని కనబడునట్లు ప్రదర్శింపవలెనని 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు చేసినది. గోడమీది యంకెను చదువుట వేఱు, దాని నర్థము చేసికొనుట వేఱు.

ఏడాదికి 240 రూపాయల నష్టము పెద్దది కాదని ఆమెకు చెప్పితిమి. ఆమె యొప్పుకొనలేదు. ఇప్పుడు ఇరుగుపొరుగువారి అప్పుకాగితములు తెచ్చి మా ముందు పెట్టుచున్నది. మొన్న తెచ్చిన కాగితములో ‘సేవారుసుము’ అని యొక పద్దు కలదు. అది వడ్డీయో కాదో తేల్చుటకు మాకు రెండు సాయంకాలములు పట్టినవి.