ఎండతో నడిచే పందెం

ఆస్ట్రేలియాలో ఉత్తరాన డార్విన్ నుంచి దక్షిణాన అడిలైడ్ దాకా సుమారు 3,000 కిలోమీటర్లు. ఆ ఎడారి దారిలో విశ్వవిద్యాలయ విద్యార్థులు తాము తయారుచేసిన సౌరకార్లతో పోటీపడతారు. 1987లో మొదలైన పందెమిది.

ఉదయం ఎనిమిదికి బయలుదేరాలి. సాయంత్రం ఐదయ్యేసరికి ఎక్కడుంటే అక్కడే బస. మబ్బు పట్టిందా, లెక్కలన్నీ మళ్లీ వేసుకోవాలి. వేగం తగ్గించాలా, బ్యాటరీలో దాచింది వాడేయాలా? తరగతి గదిలో దొరకని చదువు ఇదే.

2019లో చివరి రోజున, అందరికంటే ముందున్న నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విద్యార్థుల కారు మంటల్లో కాలిపోయింది. అదృష్టవశాత్తు నడుపుతున్నవారికి ఏమీ కాలేదు. బెల్జియంలోని లూవెన్ జట్టు గెలిచింది.

డెల్ఫ్ట్ వాళ్లు ఆగలేదు. 2023లో కొత్త కారుతో మళ్లీ అదే పందేనికి వచ్చారు.

అధ్యాపకులారా, ఎండకు కొదవలేని మన కళాశాలల్లో వర్క్‌షాపు తలుపులు సాయంత్రాలు కూడా తెరిచి ఉంచండి.